కొల్లేరుకి సలహాదారులుగా ఎలాంటి శాస్త్రవేత్తల్ని పెట్టుకోవాలి? పంతొమ్మిది దరఖాస్తులొచ్చాయి, దిక్కు తోచడం లేదు

లంక మాస్టారు:

నమస్కారమండీ. మాది కొల్లేరు లోపలి లంక. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది కదా, అప్పుడు ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని లెక్కపెట్టి రావడం తప్ప సైన్సుతో నాకు వేరే చుట్టరికం లేదు.

సంగతేమిటంటే, నాలుగు ఊళ్ళ వాళ్ళం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. సరస్సు గురించి ఎప్పుడు మీటింగు జరిగినా మమ్మల్ని పిలుస్తారు. మేం లేచి మాట్లాడతాం. "మీ దగ్గర ఆధారం ఏముంది?" అంటారు. మేం కూర్చుంటాం. ఇన్నేళ్ళుగా ఇదే తంతు. ఈసారి అలా కాదని, సబ్జెక్టు తెలిసిన నలుగురైదుగురిని సలహాదారులుగా పెట్టుకుని, వచ్చే అయిదేళ్ళు సరస్సుని ఎలా చూసుకోవాలో మా తరఫున కాగితం మీద పెట్టి ఇద్దామని తీర్మానించాం. డాలస్‌లో ఉండే మా ఊరి కుర్రాడు మూడు లక్షలు పంపాడు. పంపి ఊరుకున్నాడా అంటే లేదు, "బాబాయ్, సెలెక్షన్ అంతా ట్రాన్స్‌పరెంట్‌గా ఉండాలి" అని వారానికోసారి ఫోను.

మేమిచ్చిన ప్రకటన ఇదీ: "కొల్లేరు పరిరక్షణ విషయంలో మా సంఘం వాదనను శాస్త్రీయంగా బలపరచగల ప్రముఖ శాస్త్రవేత్తలు కావలెను. తగిన గౌరవ వేతనం ఉండును."

పంతొమ్మిది దరఖాస్తులొచ్చాయి. తొమ్మిది మంది జువాలజీ డాక్టరేట్లు, వాళ్ళలో ముగ్గురు చేపల మొప్పల్లో ఉండే పురుగుల మీదే పరిశోధన చేశారు. నలుగురు చేపల చెరువుల కన్సల్టెంట్లు. ఇద్దరు రిటైరైన ఆఫీసర్లు. ఒకాయన ఫొటోగ్రాఫర్, దరఖాస్తు కంటే ఫొటోలు బావున్నాయి. ఒకాయన వాస్తు, భూగర్భ జలాలు రెండూ చూస్తారట. ఇంకొకాయన బయోడేటా నలభై పేజీలు, అందులో ఆరు పేజీలు సన్మానాలు. చివరిది కాకినాడలో జలశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయిది. రెండే రెండు లైన్ల మెయిలు: "మీకు తేలాల్సిన ప్రశ్న ఏమిటండీ? సరస్సు నీటిమట్టం రీడింగులు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయి?" బయోడేటా కూడా జతచేయలేదు. ఉద్యోగానికి వచ్చి మనల్నే ఇంటర్వ్యూ చేస్తుందేమిటని మా వాళ్ళు ఆ కాగితాన్ని అట్టడుగున పెట్టేశారు.

ఇప్పుడు నాకు తెలియాల్సింది: ఎంతమంది కావాలి, ఏయే సబ్జెక్టుల వాళ్ళు కావాలి, డబ్బు ఎలా ఇవ్వాలి? చెరువుల కన్సల్టెంట్లని రానివ్వచ్చా? పైగా ఆ రిటైరైన ఆఫీసర్లలో ఒకాయన ఇక్కడి పెద్ద నాయకుడికి వియ్యంకుడి తమ్ముడు. కాదంటే ఒక తలనొప్పి, అవునంటే ఇంకో తలనొప్పి. ఇలాంటి పని చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

డ్రైనేజీ పెన్షనర్:

మాస్టారూ, ముందు మీ ప్రకటన సంగతి. "మా వాదనను బలపరచగల" అన్నారు. మీకు కావాల్సింది నిపుణుడా, వకీలా? వకీలైతే ఏలూరు కోర్టు దగ్గర బోలెడుమంది ఉన్నారు, శాస్త్రవేత్త కంటే చవగ్గా వస్తారు. ఆ మాట చూశాక నిజమైన నిపుణుడెవడూ మీ గుమ్మం తొక్కడు. తొక్కిన పంతొమ్మిది మందిలో పద్ధెనిమిది మంది ఎందుకొచ్చారో మీకే తెలుస్తోంది. ఆ కాకినాడ అమ్మాయి మెయిలు పైకి తీయండి. జవాబు రాయండి. నేను ముప్ఫై ఏళ్ళు ఆ డ్రైన్ల గట్ల మీద తిరిగినవాడిని, నన్ను ఎవరైనా పిలిచినా మొదట అడిగేది ఆ రెండు ప్రశ్నలే.

కొల్లేరంటే పళ్ళెం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇవికాక లెక్కలేనన్ని డ్రైన్లు వచ్చి పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్ల పైన మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి మీ గుమ్మంలోకే కదా వచ్చింది? వేసవిలో దీనికి తలకిందులు, అదే ఉప్పుటేరులోంచి ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. మీ ఊళ్ళో ఏ గొడవైనా తీసుకోండి, పక్షులు, చేపలు, గుర్రపుడెక్క, తాగునీరు, చెరువు గట్లు, తిప్పి తిప్పి అడిగితే అది నీటిమట్టం గొడవే.

ఇప్పుడు లెవెల్ సంగతి. 1999లో అభయారణ్యం ప్రకటించింది 5వ కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు. అది 308 చదరపు కిలోమీటర్లు. 3వ కాంటూరుకి తగ్గిస్తే 135. చూడండి, రెండడుగుల తేడాకి 173 చదరపు కిలోమీటర్లు. నేల అంత చదును. అక్కడ లెవెల్ తీసేవాడు జానెడు తప్పు తీస్తే వేల ఎకరాలు అటువి ఇటు అయిపోతాయి. తగ్గించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం సలీం అలీ పక్షిశాస్త్ర సంస్థ డైరెక్టర్ అజీజ్ గారి అధ్యక్షతన కమిటీ వేస్తే, ఆ కమిటీ 5వ కాంటూరే ఉండాలంది. ఆ గొడవలోకి నేను దిగను. అంత పెద్ద విషయం ఒక లెవెల్ గీత మీద నడుస్తోంది, మీ పంతొమ్మిది మందిలో లెవెల్ తెలిసినవాడు ఒక్కడూ లేడు. అదీ నా బాధ.

ఏయే సబ్జెక్టులు అని అడిగారు. తమాషా చూడండి. వన్యప్రాణి చట్టంలో 33బి అని ఒక సెక్షన్ ఉంది, అభయారణ్యానికి సలహా కమిటీ వేయమంటుంది. అందులో ఎమ్మెల్యే, పంచాయతీరాజ్ ప్రతినిధులు ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఇద్దరు, వన్యప్రాణి సంరక్షణలో పనిచేసేవాళ్ళు ముగ్గురు, పశువైద్య శాఖ, హోం శాఖ, అందరూ ఉంటారు. నీళ్ళ మనిషి మాత్రం తప్పనిసరి కాదు! పులుల అడవికి సరిపోతుందేమో, కొల్లేరుకి ఎలా సరిపోతుంది? అదే 2017 చిత్తడి నేలల నిబంధనలు చూడండి. రాష్ట్ర అథారిటీలో అయిదుగురు నిపుణులుండాలని పేరుపెట్టి చెప్పారు: చిత్తడి నేలల జీవావరణం, జలశాస్త్రం, మత్స్యశాస్త్రం, ల్యాండ్‌స్కేప్ ప్లానింగ్, సామాజిక ఆర్థిక విషయాలు. ఏ చట్టం ఎక్కడిదాకా వర్తిస్తుందన్నది లాయర్ల పని. మీరు ఆ పట్టిక మాత్రం ఎత్తుకొచ్చుకోండి. అయిదుగురిని పోషించలేకపోతే ముగ్గురు: నీళ్ళు, చేపలు, పక్షులు. నాలుగోది, మనుషుల బతుకులు తెలిసినవాళ్ళు, మీ ఊళ్ళోనే ఉన్నారు.

ఒడిశాలోని చిలికా సరస్సు మనకి ఎంత దూరం? శ్రీకాకుళం దాటి కాస్త ముందుకెళితే అదే. సముద్రపు నోరు పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, చేపలు పోయి, 1993లో రామ్‌సర్ వాళ్ళ, అంటే చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం వాళ్ళ, ప్రమాద జాబితాకెక్కింది. వాళ్ళు పూనాలోని కేంద్ర జల విద్యుత్ పరిశోధన కేంద్రాన్నీ, గోవా సముద్ర విజ్ఞాన సంస్థనీ పట్టుకుని, నీరు ఎటు కదులుతోందో కొలిపించి, 2000 సెప్టెంబరులో కొత్త నోరు తవ్వారు. చేపలు తిరిగొచ్చాయి, 2002లో జాబితాలోంచి పేరు తీసేశారు. ముందు నీళ్ళవాళ్ళు, ఆ తర్వాతే మిగతావాళ్ళు. మీకు కాకినాడలోనే జాతీయ జలశాస్త్ర సంస్థ డెల్టా కేంద్రం ఉంది, హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల వాళ్ళున్నారు. ఉత్తరం రాస్తే పోయేదేముంది?

ఇంటర్వ్యూకి ఒక చిట్కా చెబుతాను. నా సర్వీసులో ఒక గేజీ దగ్గర, అంటే నీటిమట్టం చూసే కొలత పలక దగ్గర, లస్కరు (కాలవల మీద పనిచేసే చిన్న ఉద్యోగి) రోజూ పొద్దున ఆరింటికి మట్టం చూసి పుస్తకంలో రాయాలి. ఒకసారి జులైలో పుస్తకం తిరగేస్తుంటే నాలుగు రోజులు వరసగా ఒకే అంకె. పైన రెండంగుళాల వాన పడిన వారం అది! ఏరా అంటే మేనకోడలి పెళ్ళికెళ్ళాడట, వెళ్ళేముందే నాలుగు రోజులకీ కలిపి రాసి తాళం వేశాడు. అలాంటి పేజీ ఒకటి సంపాదించి అభ్యర్థుల ముందు పెట్టండి, పక్కనే వానల లెక్క కూడా పెట్టండి. "దీన్నిబట్టి ఏం చెబుతారు?" అని అడగండి. గ్రాఫు గీసి ఉపన్యాసం చెప్పేవాడికి కాఫీ ఇచ్చి పంపించండి. "ఈ నాలుగు రోజులు ఏమైంది?" అని అడిగినవాడిని ఉంచుకోండి.

బురద బూట్లు:

మాస్టారూ, పై పెద్దాయన చెప్పినదానికి మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చిత్తడి నేలల మీద పనిచేస్తాను, ఇలాంటి కమిటీల్లో రెండుసార్లు కూర్చున్నాను. బల్లకి అటువైపు నుంచి నాలుగు మాటలు.

"తగిన గౌరవ వేతనం" అన్న మాట తీసేయండి. తగినంత అంటే ఎంతో మాకు తెలియదు, అడగడానికి మొహమాటం. రోజుకి ఇంత, ఎన్ని రోజులు, ఫీల్డు ఎన్ని, రాత ఎన్ని అని రాయండి. ఒక కమిటీలో నా కారు డీజిల్ బిల్లు పద్నాలుగు నెలలకి వచ్చింది, అదీ సగం. రెండోసారి పిలిస్తే నేను వెళ్ళలేదు, నాకంటే ఓపికున్న ఇంకెవరో వెళ్ళారు. ఓపిక ఉన్నంత మాత్రాన సబ్జెక్టు తెలుసని కాదు కదా. మీ మూడు లక్షల్లో పెద్ద పేరున్న ప్రొఫెసర్‌కి విమానం టికెట్లు కొనకండి. దగ్గర్లో ఉండి, ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పడవెక్కి రాగలిగినవాళ్ళు కావాలి. ఒకే సీజన్‌లో చూసి కొల్లేరు మీద రిపోర్టు రాయడమంటే, భోజనాలయ్యాక వచ్చి పెళ్ళి ఎలా జరిగిందో రాయడమే.

యూనివర్సిటీలో గానీ ప్రభుత్వ సంస్థలో గానీ పనిచేసేవాళ్ళకి బయటి పని చేయడానికి పైనుంచి అనుమతి కావాలి. ఆ ఉత్తరం మీరే రాసి పెట్టండి, నెలలు పడుతుంది. అభయారణ్యంలో నమూనాలు తీయాలంటే అటవీశాఖ అనుమతి కూడా తప్పదు. దీన్ని పట్టించుకోకుండా దూకిన ఒక స్టూడెంట్ సీసాలన్నీ గట్టు మీదే ఒలకబోయించారు, వాడి ఏడాది పోయింది.

ఇక అన్నిటికంటే ముఖ్యం, మీకు ఇష్టం లేనిది తేలినా రిపోర్టు బయటపెడతామని ముందే రాసివ్వండి. నేను కూర్చున్న ఒక కమిటీ రిపోర్టులో ఒక పేరా వాళ్ళకి నచ్చలేదు. మార్చమని ఎవరూ అడగలేదు, అంత మర్యాదస్తులు. రిపోర్టు మాత్రం ఈరోజుకీ బీరువాలో ఉంది. మీ విషయంలో నచ్చని పేరా ఎలా ఉంటుందో ఊహించుకోండి: లంక గ్రామాల్లోంచి వచ్చే మురుగు కూడా సరస్సుని పాడుచేస్తోందని తేలితే? మీ ఊరివాళ్ళే వేసిన చెరువులు లెక్కలో పడితే? అప్పుడు ఆ పేజీ చింపరని నాకు నమ్మకం కుదిరితేనే నేను వస్తాను.

వియ్యంకుడి తమ్ముడి గురించి భయపడకండి. ఎవరికి ఎక్కడ చెరువులున్నాయి, ఎవరి దగ్గర డబ్బు తీసుకుంటున్నారు, ఎవరితో చుట్టరికం, అభ్యర్థులందరి చేతా ఒకే కాగితం మీద రాయించండి. మీ సంఘం వాళ్ళు కూడా రాయండి. ఆ కాగితం ఇవ్వనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు, మీరు కాదనక్కర్లేదు.

ఆకివీడు ఆక్వా:

అందరూ పెద్ద చదువులు చదివినోళ్ళు, నా మాట కూడా కాస్త వినండి. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మావి రెండు చెరువులు పోయాయి. అభయారణ్యంలో వేయడం చట్టప్రకారం తప్పే, కాదనను. ఇప్పుడు బయట జిరాయితీలో చేసుకుంటున్నా. కన్సల్టెంట్లని రానివ్వాలా అని మాస్టారు అడిగిన తీరు చూస్తే మేమేదో అంటరానోళ్ళమనిపించింది.

ఒక్క మాట అడుగుతా. ఉప్పు ఎంత ఎక్కిందో, ఆక్సిజన్ ఎంత ఉందో ఈ ప్రాంతంలో రోజూ కొలిచేది ఎవరు? మేమే. తెల్లారుజామున నాలుగింటికి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే చేప తేలిపోద్ది, లక్షలు పోతాయి, కాబట్టి నిద్ర మానుకుని కొలుస్తాం. మా కన్సల్టెంట్ దగ్గర పదేళ్ళ లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి, ఏ చెరువుకి ఏ కాలవ నీరు, ఏ తారీఖున ఎంత ఉప్పు అని. మేత కంపెనీ కమీషన్ తీసుకుంటాడు, నిజమే. మనిషి వద్దనుకుంటే వద్దు, ఆ పుస్తకాలన్నా అడగండి. ఉప్పు కొలిచే మీటరు భీమవరంలో ఏ ఆక్వా షాపులోనైనా దొరుకుద్ది. దానికోసం ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

ఉల్లంకి పిట్ట:

డ్రైనేజీ గురువుగారూ, పక్షుల వాళ్ళని మరీ మూడో వరసలోకి తోసేశారు! నీళ్ళాయన "ఎంత నీరు ఉంది" అని చెబుతాడు, "ఎవరికి ఎంత కావాలి" అన్నది మేం చెప్పాలి. బురదలో ఏరుకుతినే చిన్న పిట్టలు ఉల్లంకులకి బెత్తెడు నీళ్ళు, తడి బురద చాలు. పెయింటెడ్ స్టార్క్ మోకాలి లోతులో నిలబడి ముక్కుతో వెతుక్కుంటుంది. గూడబాతు ఈదుతూ వేటాడుతుంది, దానికి లోతు కావాలి. ఆటపాకలో ఇనప స్టాండ్ల మీద గూళ్ళు పెడుతున్న గూడబాతుల్ని చూసి ఒక పెద్దమనిషి "సరస్సంతా ఇలా నిండుగా ఉంచితే చాలు" అన్నాడు. అలా నింపితే ఉల్లంకులు ఎక్కడ దిగాలి? కాబట్టి పక్షుల నిపుణుణ్ణి తీసుకునేటప్పుడు ఎన్ని జాతులు గుర్తుపడతాడని కాదు, ఏ నెలలో ఏ మూల ఎంత లోతు ఉండాలో గీసి చూపించగలడా అని అడగండి. ఫొటోగ్రాఫర్‌ని కూడా వదలొద్దు. ఆయన పాత ఫొటోల మీద తేదీలు ఉంటే, ఏ ఏడాది ఎక్కడ కిక్కిస గడ్డి పెరిగిందో, ఎక్కడ నీరుందో అందులోనే దొరుకుతుంది.

లంక మాస్టారు:

అందరికీ పేరుపేరునా దండాలండీ. మూడు వారాలైంది, జరిగింది చెబుతాను.

ప్రకటన మార్చాం. ఇప్పుడు ఇలా ఉంది: "ఏప్రిల్, మే నెలల్లో ఉప్పుటేరు నుంచి ఉప్పునీరు సరస్సులోకి ఎక్కడిదాకా వస్తోంది, ఎంత మట్టం ఉంటే ఆగుతుంది, ఆ మట్టానికి పక్షులకీ వలవేసి బతికేవాళ్ళకీ ఏమవుతుంది? ఇది తేల్చడానికి ముగ్గురు సలహాదారులు కావాలి. ఏడాదిలో పన్నెండు రోజులు. రోజుకి అయిదు వేలు, ప్రయాణం, పడవ, భోజనం మావి. ఏది తేలినా అచ్చువేస్తాం." చివరి వాక్యం మీద సంఘంలో రెండు గంటలు గొడవైంది. మురుగు మాట ఎత్తగానే మా ప్రెసిడెంటు గారు లేచి వెళ్ళిపోయారు. మర్నాడు ఆయనే వచ్చి సంతకం పెట్టారు.

చుట్టరికాల కాగితం అడిగేసరికి వియ్యంకుడి తమ్ముడు గారికి ఆరోగ్యం బాగోలేదని కబురొచ్చింది. వాస్తు ఆయన మాత్రం కాగితం నిజాయితీగా నింపి పంపారు, ఏం చేయాలో తెలియలేదు.

గేజీ పేజీ దొరకలేదు కాబట్టి నేనే ఒకటి తయారుచేశాను, లెక్కల మాస్టార్ని కదా. ముప్ఫై రోజుల రీడింగులు, మధ్యలో నాలుగు రోజులు ఒకే అంకె, పక్కన వానలు. ఆరుగుర్ని పిలిచాం. నలభై పేజీల ఆయన గ్రాఫు గీసి ఇరవై నిమిషాలు మాట్లాడారు. కాఫీ ఇచ్చాం. కాకినాడ అమ్మాయి కూర్చోకముందే ఆ నాలుగు అంకెల మీద వేలు పెట్టి, "ఈ రోజుల్లో రాసినాయన ఊళ్ళో లేరా అండీ?" అంది. మా వాళ్ళందరూ నవ్వారు, ఆ అమ్మాయికి ఎందుకో అర్థం కాలేదు. రెండో మనిషి ఎవరనుకున్నారు? చెరువుల కన్సల్టెంటు! "నేనూ కుర్రాళ్ళని పెట్టి డీవో రాయిస్తానండీ, ఈ దొంగ అంకెలు నాకు బాగా తెలుసు" అన్నాడు. కమీషన్ సంగతి కాగితం మీద దాచకుండా రాశాడు. ఆయన్ని సలహాదారుగా తీసుకోలేదు, పుస్తకాలు మాత్రం ఇస్తానన్నాడు. ఆకివీడు సోదరుడికి ఇది నా క్షమాపణ అనుకోండి.

ఇంకో సంగతి. అమ్మాయిని పడవలో ఉప్పుటేరు మొగ దాకా తీసుకెళ్ళినప్పుడు మా పెదనాన్న గెడ వేశాడు. డెబ్భై ఏళ్ళు, వేలిముద్ర. ఒక చోట పడవ ఆపి, నీళ్ళలో పాతిన వెదురు కర్రని పైకి లాగి, దానికి పట్టిన గుల్లని చూపించి, "పోయినేడు ఉప్పు ఇక్కడిదాకా వచ్చిందమ్మా, అంతకు ముందేడు ఆ తాడిచెట్టు దగ్గరే ఆగింది" అన్నాడు. ఆ అమ్మాయి టేపు తీసి గుల్ల ఎంత ఎత్తుదాకా ఉందో కొలిచి, ఫోన్‌లో ఆ చోటు గుర్తుపెట్టుకుంది. తిరుగుదారిలో ఇలాంటి కర్రలు ఇంకెన్ని ఉన్నాయని ఆయన్నే అడుగుతూ కూర్చుంది. ఇప్పుడు పెదనాన్నకి కూడా రోజుకి అయిదు వేలు ఇవ్వాలా అని మా ట్రెజరర్ అడుగుతున్నాడు. ఇవ్వాలనే నా ఓటు.

చేపల మనిషి, పక్షుల మనిషి ఇంకా కుదరలేదు. ఈలోగా అమ్మాయి మా బడి వెనక రేవులో ఒక గేజీ పలక పెట్టమంది. మా ఎనిమిదో తరగతి పిల్లలు రోజూ పొద్దున చూసి రాస్తారు. పలక పెట్టడానికి సున్నా ఎక్కడ పెట్టుకోవాలండీ గురువుగారూ? రేవు మెట్టు నుంచి మొదలుపెట్టేస్తే సరిపోతుందా?

డ్రైనేజీ పెన్షనర్:

చాలదు మాస్టారూ! రేవు మెట్టు రెండేళ్ళకి కుంగిపోతుంది, మీ అంకెలన్నీ దాంతోపాటే కుంగిపోతాయి. దగ్గర్లో సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు (సముద్రమట్టానికి ఎంత ఎత్తో తేల్చిపెట్టిన గుర్తు) ఎక్కడుందో వెతికి, అక్కణ్ణుంచి లెవెల్ మోసుకొచ్చి పలకకి కలపాలి. లేకపోతే మీ అయిదడుగులూ గవర్నమెంటు అయిదడుగులూ ఎప్పటికీ కలవవు, మళ్ళీ మీటింగులో "ఆధారం ఏది" అంటారు. నా దగ్గర ఎత్తులు చూసే పాత డంపీ లెవెల్ ఒకటి ఉంది, దాని కొలత కర్ర పట్టుకోవడానికి ఇద్దరు పిల్లల్ని ఇవ్వండి. ఆదివారం పొద్దున ఆరింటికి కైకలూరు బస్టాండులో ఉంటాను. పెళ్ళిళ్ళకి వెళ్ళే పిల్లలు మాత్రం వద్దు.